వైరు రెండోసారీ పాంక్రియాస్‌లోకే వెళ్ళింది: ఒక ఈఆర్‌సీపీ కేసు

పేషెంట్ వయసు 31. ఒంగోలు పక్క పల్లె నుంచి వచ్చింది, పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తుంది, ఇద్దరు పిల్లలు. నాలుగు నెలల కిందట గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి లాప్రోస్కోపీలో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు అదే నొప్పి. రాత్రి అన్నం తిన్న గంటకి పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పాకింది, వాంతులయ్యాయి, తెల్లవారేసరికి తగ్గిపోయింది. రెండోసారి నొప్పి వచ్చిన మర్నాడు చేయించిన రక్తపరీక్షలో లివర్ ఎంజైములు పెరిగాయి: ఎస్‌జీపీటీ 186, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాస్త ఎక్కువ. కామెర్లు చెప్పే బిలిరుబిన్ 0.9, నార్మలే. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం 6 మిల్లీమీటర్లు. రాయి కనిపించలేదు.

ఆ కాగితాలు చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి స్కోపుని చిన్నపేగుదాకా పంపి, దాంట్లోంచి సన్నటి వైరుతో పిత్తనాళంలోకి వెళ్ళి రాయి తీయడం లాంటివి చేసే ప్రొసీజర్. కళ్ళు పసుపుపచ్చగా, బిలిరుబిన్ 15 దాటి, క్యాన్సర్ గడ్డతో నాళం మూసుకుపోయి వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దాయనకి ఈఆర్‌సీపీ చేయాలంటే నేను అంతగా భయపడను. ఆయనకి వేరే ప్రమాదాలుంటాయి కానీ, ఈఆర్‌సీపీ వల్ల పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు, వచ్చే అవకాశం తక్కువ. ఏళ్ళ తరబడి పాంక్రియాస్ జబ్బుతో ఉండి, గ్రంథి గట్టిపడిపోయినవాళ్ళకీ తక్కువే. వయసులో ఉన్న ఆడమనిషి, బిలిరుబిన్ నార్మల్, నాళం సన్నం, పాంక్రియాస్ నిక్షేపంలా ఉంది అంటే అప్పుడు జాగ్రత్తపడాలి. పాడవడానికి ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఉండాలి కదా.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. కాలేయం నుంచి వచ్చే పిత్తనాళం, క్లోమం నుంచి వచ్చే నాళం రెండూ చిన్నపేగు రెండో భాగంలో ఒకే చోట తెరుచుకుంటాయి. ఆ శనగగింజంత బొడిపెని పాపిల్లా అంటాం. గుమ్మం ఒకటే, లోపల గదులు రెండు. మాకు కావాల్సింది పిత్తనాళం. తెరమీద అది గడియారంలో పదకొండు గంటల దిక్కుగా, నిటారుగా పైకి వెళ్తుంది. పాంక్రియాస్ దారి ఒంటిగంట దిక్కున, దాదాపు నేరుగా ఉంటుంది. వైరుని నేరుగా తోస్తే ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. పదేపదే పొడిస్తే పాపిల్లా వాస్తుంది, పాంక్రియాస్ రసానికి బయటికి దారి ఉండదు. నాళాలు ఎక్స్‌రేలో కనపడడానికి వాడే రంగుమందు పొరపాటున ఆ నాళంలోకి ఎక్కిస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కరెంటుతో కోసేటప్పుడు వేడి తగులుతుంది. పేగులో అన్నాన్ని అరిగించాల్సిన ఎంజైములు గ్రంథిలోనే ఉండి దాన్నే అరిగించడం మొదలుపెడతాయి.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 108 ట్రయల్స్‌లో ఏ నివారణా అందని పేషెంట్లందర్నీ కలిపి లెక్కగట్టిన 2015 నాటి విశ్లేషణలో 9.7 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. రిస్క్ ఎక్కువున్నవాళ్ళలో 14.7 శాతం. చాలామందికి నాలుగు రోజుల నొప్పితో పోతుంది. కొద్దిమందికి పోదు.

ఆ కొద్దిమందిలో ఒకావిడ నా పేషెంటే. పన్నెండేళ్ళు దాటింది, వేరే ఊళ్ళో వేరే ఆసుపత్రి. ఇలాగే వయసు ముప్పైలోపు, గాల్ బ్లాడర్ తీసేశాక కడుపునొప్పి, లివర్ పరీక్షలన్నీ నార్మల్. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘పిత్తనాళం కొంచెం వెడల్పుగా ఉంది’ అన్న ఒక్క వాక్యం. ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలకి తీసే ఎంఆర్ఐ స్కాన్) తీయిస్తే ఖర్చు, ఎలాగూ ఈఆర్‌సీపీలో తెలిసిపోతుంది కదా అనుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. రంగుమందు మూడుసార్లు పాంక్రియాస్‌లోకి వెళ్ళింది. చివరికి పిత్తనాళంలోకి వెళ్ళి చూస్తే రాయీ లేదు, రప్పా లేదు. పాంక్రియాస్ రసం బయటికి కారడానికి ఆ నాళంలో పెట్టే సన్న గొట్టం, స్టెంటు, ఆ రోజు అల్మరాలో లేదు. పాంక్రియాటైటిస్ రాకుండా మలద్వారంలో పెట్టే మందు, సపోజిటరీ, గురించి అప్పటికే చదివాను, ప్రొసీజర్ తర్వాతి ఆర్డర్లలో రాశాను కూడా. పేషెంటుని ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి మార్చారు, ఆ కాగితం పాత వార్డులోనే ఉండిపోయింది. ఆవిడ 38 రోజులు ఆసుపత్రిలో ఉంది, అందులో 11 రోజులు ఐసీయూలో. పాంక్రియాస్ సగం కుళ్ళింది, చీము రెండుసార్లు తీయాల్సి వచ్చింది. బతికింది. వాళ్ళాయన ఒక్కసారి కూడా నన్ను గట్టిగా అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నర్సు మందు మర్చిపోయిందనో, స్టోర్‌వాళ్ళు స్టెంటు తెప్పించలేదనో నేను చాలాకాలం చెప్పుకుంటూ తిరిగాను. అసలు తప్పు అంతకు రెండు రోజుల ముందు ఓపీలో జరిగింది. ఆవిడకి ఆ ప్రొసీజరే అవసరం లేదు. గాల్ బ్లాడర్ తీసేశాక నొప్పి ఉండి, రక్తపరీక్షలూ స్కానింగులూ మామూలుగా ఉన్నవాళ్ళకి పాపిల్లా కండరం కోస్తే ఉపయోగం ఉందా అని అమెరికాలో ఎపిసాడ్ అనే ట్రయల్ చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. 214 మందిలో నిజంగా కోసినవాళ్ళకీ, కోసినట్టు నటించినవాళ్ళకీ నొప్పి విషయంలో తేడా రాలేదు. ఇప్పుడైతే అలాంటి పేషెంటు మీద స్కోపు పెట్టను.

అందుకే ఈ 31 ఏళ్ళావిడ కేసులో మొదటి పని ఎంఆర్‌సీపీ. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అయినా సరిపోయేది, మా దగ్గర లేదు. ఎంఆర్‌సీపీలో పిత్తనాళం కింది చివర 5 మిల్లీమీటర్ల రాయి స్పష్టంగా కనిపించింది. రాయి ఉంది, రెండుసార్లు నొప్పి వచ్చింది, లివర్ పరీక్షలు మారాయి. ఇక చేయాల్సిందే. రాయిని అలా వదిలేసినా అది జారి పాపిల్లా దగ్గర ఇరుక్కుంటే వచ్చేది పాంక్రియాటైటిసే.

సంతకం పెట్టించుకునే ముందు ఆవిడతో, వాళ్ళాయనతో, అత్తగారితో కూర్చున్నాను. ‘రాయి తీసేటప్పుడు పక్కనే ఉన్న గ్రంథికి వాపు రావచ్చమ్మా. నీలాంటివాళ్ళకి పదిమందిలో ఒకరికి, ఇంకాస్త ఎక్కువే అనుకో. వస్తే నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. ఎప్పుడో ఒకరికి ప్రాణం మీదకి కూడా వస్తుంది’ అన్నాను. అత్తగారు అందుకుంది: ‘రాకుండా మందేం లేదా బాబూ?’

ఉంది. ఎన్నో మాత్రలు, ఇంజెక్షన్లు పరీక్షించి వదిలేశాక మిగిలింది చాలా మామూలు మందు, డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ 100 మిల్లీగ్రాముల సపోజిటరీ. సిజేరియన్ అయినవాళ్ళకి నొప్పి తగ్గడానికి పెట్టేది ఈ డైక్లోఫెనాకే, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. 2012లో అమెరికాలో రిస్క్ ఎక్కువున్న 602 మందిమీద చేసిన ట్రయల్‌లో ఇండోమెథాసిన్ పెట్టినవాళ్ళలో 9.2 శాతానికి, పెట్టనివాళ్ళలో 16.9 శాతానికి పాంక్రియాటైటిస్ వచ్చింది. అందులో ప్రొసీజర్ అయ్యాక పెట్టారు. 2016లో చైనాలో 2,600 మందితో ఇంకో ప్రశ్న అడిగారు: అందరికీ ముందే పెట్టేద్దామా, లేక ప్రొసీజర్ కష్టమైనవాళ్ళకి తర్వాత పెడదామా? ముందే పెట్టినవాళ్ళలో 4 శాతం, తర్వాత ఎంచి పెట్టిన గుంపులో 8 శాతం. యూరప్ ఎండోస్కోపీ సొసైటీ 2020 మార్గదర్శకాలు కూడా, మందు పడనివాళ్ళని మినహాయించి అందరికీ స్కోపు పెట్టే ముందే ఇవ్వమంటాయి.

ఈ మాట విని పేషెంటు ముఖం ముడుచుకుంది. ‘వెనకనుంచా? సూది వేయకూడదా సార్?’

మన దగ్గర సూదికున్న గౌరవం ఇంక దేనికీ లేదు. అదే మందు కండకి ఇంజెక్షన్‌గా ఇస్తే పాంక్రియాటైటిస్ తగ్గుతుందని రుజువు కాలేదు, వెనకనుంచి పెడితేనే తగ్గింది అని చెప్పాను. ఒప్పుకుంది, ‘మరి సిస్టరే పెట్టాలి’ అంది. నేనూ అదే అన్నాను. ఎందుకంటే చాలాచోట్ల జరిగేది ఇది: పేషెంటు సిగ్గుపడి నేనే పెట్టుకుంటాలే అంటుంది, సిస్టరు సరేనంటుంది, ఛార్టులో టిక్కు పడుతుంది, సపోజిటరీ మాత్రం మంచం పక్క బల్లమీదే ఉండిపోతుంది. అందుకే మా దగ్గర వార్డులో ఇవ్వడం మానేశాం. ఎండోస్కోపీ గదికి వచ్చాక, మత్తు ఇచ్చే ముందు, సిస్టరే పెట్టి టైము రాస్తుంది. ఆ టైము బోర్డుమీద కనిపిస్తేగానీ నేను స్కోపు పట్టుకోను.

ఆ రోజు 9:20కి సిస్టర్ రేకు చించి నా దగ్గరికి తెచ్చింది. ‘సార్, ఇది నెయ్యిలా అయిపోయింది.’ నిజమే. పైన తెల్లగా, కింద నూనెలా, వేలికి అంటుకుంటోంది. బయట ఎండ 43 డిగ్రీలు. రాత్రి ఎండోస్కోపీ గదిలో ఏసీ ఆపేస్తారు, ఆ డబ్బా ట్రాలీ కింది అరలో ఉంది. టెక్నీషియన్ అన్నాడు: ‘ఫ్రిజ్‌లో పెడితే పది నిమిషాల్లో గట్టిపడుతుంది సార్.’ గట్టిపడుతుంది, కానీ ఒకసారి కరిగాక మందు అంతటా సమానంగా ఉంటుందన్న నమ్మకం లేదు. కింది ఫార్మసీ నుంచి కొత్త స్ట్రిప్పు తెప్పించాం. 9:45కి పెట్టారు. మత్తు డాక్టరు గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. 10:15కి మొదలుపెట్టాం. అప్పటినుంచి ఆ డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంటోంది.

ఈ మందు పడనివాళ్ళుంటారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, ఈమధ్యే అల్సర్ రక్తస్రావం అయినవాళ్ళు, ఆస్పిరిన్ లాంటివి పడక ఆయాసం వచ్చేవాళ్ళు, గర్భిణులు, ముఖ్యంగా చివరి నెలల్లో ఉన్నవాళ్ళు. అలాంటప్పుడు గుండె, కిడ్నీ తట్టుకుంటాయనుకుంటే రింగర్ లాక్టేట్ సెలైన్ గట్టిగా ఎక్కించడం ఒక దారి. సపోజిటరీ పెట్టినవాళ్ళకి అదనంగా సెలైన్ కూడా ఎక్కిస్తే ఇంకా మేలా అంటే, నెదర్లాండ్స్‌లో 826 మందితో చేసిన ట్రయల్‌లో తేడా రాలేదు (8 శాతం, 9 శాతం). అయినా మే నెలలో రాత్రి నుంచి ఏమీ తాగకుండా, బస్సులో గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన మనిషి ఎండిపోయి ఉంటుంది. అందుకని ఈవిడకి లీటరు రింగర్ లాక్టేట్ పెట్టాను. దానికి నా దగ్గర ట్రయల్ లేదు, ఆవిడ నాలుక చూస్తే చాలు.

పాపిల్లా చిన్నది, మెత్తగా కిందకి వేలాడుతోంది. రంగుమందు ఎక్కించి దారి వెతకడం నేను మానేసి చాలాకాలమైంది. స్ఫింక్టెరోటోమ్ (పాపిల్లా కండరాన్ని కోసే సన్న గొట్టం లాంటి పనిముట్టు) లోంచి 0.025 అంగుళాల మెత్తటి వైరు పంపి, అది ఎటు వెళ్ళిందో ఎక్స్‌రేలో చూశాకే రంగు. మొదటిసారి వైరు సాఫీగా వెళ్ళింది. ఎక్స్‌రేలో చూస్తే నిటారుగా పైకి కాదు, వెన్నెముకను దాటి అడ్డంగా వెళ్తోంది. పాంక్రియాస్. వెనక్కి తీశాను. కోణం మార్చి, పదకొండు గంటల దిక్కుకి వంచి మళ్ళీ. నాలుగో నిమిషంలో మళ్ళీ అడ్డంగానే.

పాపిల్లాని ఐదుసార్ల కంటే ఎక్కువ ముట్టుకున్నా, ఐదు నిమిషాలు దాటినా, అనుకోకుండా ఒకటికి మించి పాంక్రియాస్‌లోకి వెళ్ళినా అది ‘కష్టమైన’ కేసు అని యూరప్ లెక్క. ఈవిడ ఆ గీత దాటేసింది. ఇక్కడ చేతికి ఒక పంతం వస్తుంది. వైరు తీసేసి ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటుంది. ఆ పాత కేసులో నేను చేసింది అదే.

టెక్నీషియన్ అడిగాడు: ‘తీసేయనా సార్?’

‘వద్దు. అక్కడే పట్టుకో. కదలనివ్వకు.’

పాంక్రియాస్‌లోకి వెళ్ళిన వైరుని అక్కడే వదిలేస్తే రెండు లాభాలు. అది ఆ దారిని మూసి ఉంచుతుంది, పాపిల్లాని కాస్త నిటారుగా లాగి పెడుతుంది. దాని పక్కనుంచి రెండో వైరు తోస్తే పిత్తనాళం దొరికే అవకాశం పెరుగుతుంది. ఇంకోటి, చివర్లో పాంక్రియాస్‌లో స్టెంటు పెట్టాలంటే దారి చేతిలోనే ఉంటుంది. ఎనిమిదో నిమిషంలో రెండో వైరు పైకి, లివర్ వైపు వెళ్ళింది. కొంచెం రంగు ఎక్కించాం, కింది చివర రాయి నల్లటి చుక్కలా కనిపించింది. కండరం కోసి, బెలూన్‌తో లాగితే పసుపుపచ్చ రాయి పేగులో పడింది. కోయకుండా సన్న కండరాన్ని చిన్న బెలూన్‌తో సాగదీసి రాయి తీసే పద్ధతి కూడా ఉంది. వయసులో ఉన్నవాళ్ళలో పాంక్రియాటైటిస్ ఎక్కువ చేస్తుందని నేను దాని జోలికి పోను.

ఈ మొత్తంలో నాకు చెమటలు పట్టింది రాయి తీసేటప్పుడు. బెలూన్ లాగిన ప్రతిసారీ పాంక్రియాస్‌లోని వైరు ఒక సెంటీమీటరు బయటికి జారేది. అది పూర్తిగా జారిపోతే మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళాలి. స్టెంటు పెట్టాలని వెళ్ళి పెట్టలేకపోతే, అసలు ప్రయత్నించనిదానికన్నా హానే ఎక్కువ. టెక్నీషియన్ రెండు వేళ్ళతో ఆ వైరుని ఆపి పట్టుకున్న తీరు చూస్తే మాంజా తెగకుండా గాలిపటం పట్టుకున్నట్టుంది. చివరికి దానిమీదుగా 5 ఫ్రెంచ్ (సుమారు 1.7 మిల్లీమీటర్లు) మందం, 5 సెంటీమీటర్ల పొడవు స్టెంటు పంపాం. లోపలి చివర రెక్కలు లేనిది, పేగు వైపు పందితోకలా చుట్టుకునేది. లోపల రెక్కలుంటే అక్కడే ఉండిపోతుంది. లేకపోతే వాపు తగ్గాక, కొద్ది రోజుల్లో దానంతట అదే జారిపోతుంది. మొత్తం 26 నిమిషాలు.

సపోజిటరీ పెట్టాక ఇంక స్టెంటెందుకు, ఖర్చు దండగ అని ఒక వాదన నడిచింది. నేనూ ఒకటి రెండేళ్ళు అటు మొగ్గాను. అమెరికా, కెనడాల్లో రిస్క్ ఎక్కువున్న 1,950 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఇండోమెథాసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 14.9 శాతం, దానికి స్టెంటు కూడా కలిపినవాళ్ళలో 11.3 శాతం. పెద్ద తేడా కాదనేవాళ్ళున్నారు. వైరు రెండుసార్లు పాంక్రియాస్‌లోకి వెళ్ళొచ్చిన పేషెంటులో ఆ తేడాని వదులుకునే ధైర్యం నాకు లేదు.

మధ్యాహ్నం వాళ్ళాయన వచ్చాడు, రాయి అయిపోయింది కదా, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతామని. నాలుగు గంటలకి అమైలేజ్ (పాంక్రియాస్ ఎంజైము) రక్తపరీక్షకి పంపాను. మా ల్యాబులో 100 దాకా నార్మల్, ఈవిడకి 190. నార్మల్‌కి ఒకటిన్నర రెట్ల లోపుంటే నిశ్చింతగా పంపేయొచ్చు. దాటింది కాబట్టి ఉంచేశాను. అత్తగారు ఊరుకోలేదు: ‘పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు బాబూ, కాసిని కాఫీ చుక్కలైనా...’ మంచినీళ్ళు గుక్క గుక్కగా ఇవ్వమన్నాను.

రాత్రి తొమ్మిదికి ఫోన్. పొట్ట పైభాగాన నొప్పి, పదికి నాలుగు. వెళ్ళి చూశాను. పొట్ట మెత్తగానే ఉంది, నాడి 88, జ్వరం లేదు. నొప్పి మందు ఇచ్చి, సెలైన్ కొనసాగించమని చెప్పి ఇంటికొచ్చాను కానీ ఆ రాత్రి ఫోన్ తలగడ పక్కనే. పాత కేసులోనూ మొదట ఇలాగే ఉంది. అప్పుడు గ్యాస్ నొప్పిలే అనుకున్నాను.

పొద్దున ఆవిడే లేచి కూర్చుంది, నొప్పి లేదంది. 24 గంటలు దాటాక అమైలేజ్ 240. పెరిగింది, కానీ మూడు రెట్లు కాలేదు, నొప్పీ నిలవలేదు. 1991 నుంచి మేం వాడుతున్న నిర్వచనం ప్రకారం పాంక్రియాటైటిస్ అనాలంటే రెండూ ఉండాలి, దానివల్ల ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులూ పెరగాలి. ఇది ఒట్టి ఎంజైము పెరుగుదలే. ఇడ్లీ పెట్టి, మధ్యాహ్నం వరకూ చూసి పంపేశాం. గ్రంథి మాత్రం గట్టు అంచుదాకా వెళ్ళొచ్చిందని నా అనుమానం. వెనక్కి లాగింది సపోజిటరీయా, స్టెంటా, మూడోసారి పొడవకుండా ఆగడమా అని ఒక్క కేసు చూసి చెప్పలేను.

స్టెంటు పెట్టినవాళ్ళ పేర్లు మా దగ్గర ఒక పుస్తకంలో ఉంటాయి, పక్కన ఎక్స్‌రేకి రావాల్సిన తేదీ. నెలల తరబడి లోపలే మర్చిపోతే ఆ స్టెంటే పాంక్రియాస్ నాళాన్ని పాడుచేస్తుంది. నొప్పి తగ్గిన పేషెంటు ఇంత సన్న గొట్టం కోసం మళ్ళీ కూలి పోగొట్టుకుని రమ్మంటే రాదు. ఈవిడా రాలేదు. ఎనిమిదో రోజు దాటింది, సిస్టర్ రెండుసార్లు ఫోన్ చేస్తే పదకొండో రోజు వచ్చింది. ఎక్స్‌రేలో స్టెంటు లేదు.

‘మరి ఆ గొట్టం ఎటు పోయినట్టు సార్?’

‘మోషన్‌లో వెళ్ళిపోయి ఉంటుందమ్మా.’

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ‘చూసుకోనేలేదే’ అంటూ చీటీ నా ముందు పెట్టింది. దానిమీద పని మొదలుపెట్టొచ్చని రాసివ్వాలట, మేస్త్రీకి చూపించడానికి.